తప్పు ఎక్కడ?

తప్పు పట్టడం వేరు, తప్పును కనిపెట్టడం వేరు. ముప్పై రెండేళ్లు తరగతి గదిలో తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఈ భేదం తెలుసుననే అనుకునేవాణ్ణి. తెలియదని ఉద్యోగ విరమణ తర్వాత బయటపడింది. దాన్ని నాకు నేర్పింది ఒక పాత కంప్యూటరు, ఒక పెన్‌డ్రైవు, ఇంటర్మీడియట్ చదువుతున్న పక్కింటి అమ్మాయి.

మాది మడికొండ. హైదరాబాదు నుండి వరంగల్లుకు వచ్చే దారిలో కాజీపేటకు ముందే తగులుతుంది. మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరస్వామి ఆలయం దూరం నుండే కనిపిస్తుంది. ప్రజాకవి కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు ఇది. ‘పోతన చరిత్రము’ రచించిన వానమామలై వరదాచార్యులు పుట్టిన ఊరు కూడా ఇదే. 2020 జనవరిలో ఇక్కడి ఐటీ సెజ్‌లో సైయెంట్, టెక్ మహీంద్రా సంస్థల కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. ఆ విధంగా పద్యమూ కంప్యూటరూ మా ఊళ్లో ఇరుగుపొరుగులయ్యాయి. నేను చెప్పబోయే సంగతిలోనూ ఆ రెండూ కలుస్తాయి.

నా దగ్గర 2013లో కొన్న కంప్యూటరు ఒకటి ఉంది. అది నాకు వస్తువు మాత్రమే కాదు. మా అమ్మ తన చివరి రెండేళ్లలో పాడిన నాట్ల పాటలు, కలుపు పాటలు, బతుకమ్మ పాటలు అందులో ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. పాటలన్నీ నోటికే వచ్చు. ఆమె మంచంలో కూర్చుని పాడుతుంటే నేను పక్కన కూర్చుని రికార్డు చేశాను. అవి మొత్తం నలభై ఆరు పాటలు. అమ్మ పోయిన తర్వాత ఆమె గొంతు వినాలంటే నాకు ఆ కంప్యూటరే దిక్కు.

అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ 10. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రానికీ మనకూ నడుమ ఉండి అన్ని పనులనూ నడిపించే వ్యవస్థ. విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. ఆ తర్వాతిదైన విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 వంటి భద్రతా ఏర్పాట్లు యంత్రంలో ఉండాలి. నా కంప్యూటరులో అవి లేవు. అది పనిచేస్తూనే ఉన్నా, భద్రత విషయంలో పైకప్పు లేని ఇల్లయింది.

“తాతా, దీన్ని పారేయనక్కర లేదు. లినక్స్ వేసుకుందాం” అన్నది పక్కింటి అమ్మాయి.

ఆమె ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థిని. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి తెలుగు పద్యాలకు అర్థాలు అడిగి వెళ్లేది. కంప్యూటరు సంగతులు తన అన్న దగ్గర నేర్చుకుంది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌కు శ్రీకారం చుట్టాడనీ, అప్పుడతనికి ఇరవై ఒక్క ఏళ్లేననీ ఆమే నాకు చెప్పింది. లినక్స్ ఆధారంగా అనేక వ్యవస్థలు వచ్చాయి. వాటిలో ఉబుంటు ఒకటి. దాని తొలి రూపం 2004లో వెలువడింది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. తెరపై తెలుగులోనూ చదువుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 22.04ను నా కంప్యూటరులో వేయాలని నిశ్చయించుకున్నాం.

ఆదివారం ఉదయమే పని మొదలుపెడదామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “ముందు పాటలు మరో చోట దాచాలి. అదీ ఒక్క చోట కాదు, రెండు చోట్ల” అన్నది. పాటలను ఒక ప్రతిగా తన అన్న ల్యాప్‌టాప్‌లోకి, మరో ప్రతిగా ఒక మెమరీ కార్డులోకి ఎక్కించింది. అంతటితో ఆగక ప్రతి పాటనూ తెరిచి కాసేపు వినిపించి, లెక్క నలభై ఆరుకు సరిపోయిందో లేదో చూసింది. ఆ పనికి గంటకు పైగా పట్టింది. “ఇంత చాదస్తం నీకు ఎక్కడిదమ్మా!” అని నేను నవ్వాను.

ఉబుంటు ప్రతిని ఆమె ముందురోజే డౌన్‌లోడ్ చేసి తెచ్చింది. అది ఐఎస్ఓ అనే రూపంలో ఉన్న ఒకే పెద్ద ఫైలు. నడుమ కరెంటు పోయి డౌన్‌లోడ్ తెగిందట. కరెంటు వచ్చాక ఆగినచోటి నుండి మళ్లీ కొనసాగించిందట. ఆ మాట నా చెవిలో పడింది.

ఆమె తన కొత్త పెన్‌డ్రైవు తీయబోతే వారించి నాదే ఇచ్చాను. అది ఎన్నో ఏళ్లుగా నా చొక్కా జేబులో తిరిగినది. ప్రశ్నపత్రాలు, పాఠ్య ప్రణాళికలు, పెళ్లి ఫోటోలు అన్నీ మోసినది. ఫోటోలను కాపీ చేసినట్లే ఐఎస్ఓ ఫైలును నేనే అందులోకి కాపీ చేయబోయాను. ఫైలు మరీ పెద్దదని యంత్రం నిరాకరించింది. పెన్‌డ్రైవులో 32 జీబీల చోటు ఉన్నది. ఫైలేమో నాలుగు జీబీలకు కొంచెం ఎక్కువ. ఇంత గదిలో అంత పెట్టె పట్టకపోవడమేమిటని ఆశ్చర్యపోయాను.

కారణం అమ్మాయి చెప్పింది. పెన్‌డ్రైవులో ఫైళ్లను అమర్చే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఒక్కొక్క ఫైలు నాలుగు జీబీలకు మించరాదు. “అయినా తాతా, కాపీ అయినా లాభం లేదు” అన్నదామె. ఐఎస్ఓ ఫైలు మూట కట్టిన విత్తనాల వంటిది. సంచిని తీసుకెళ్లి పొలం గట్టున పెడితే మొలకలు రావు. మూట విప్పి, ఏ గింజ ఎక్కడ పడాలో అక్కడ నాటాలి. ఆ పని చేయడానికి ప్రత్యేకమైన ప్రోగ్రాములు ఉన్నాయి. అలా సిద్ధమైన పెన్‌డ్రైవునే బూటబుల్ పెన్‌డ్రైవు అంటారు.

బూట్ అన్న మాట వెనుక ఒక చమత్కారం ఉంది. తన బూటు వెనుక ఉన్న పట్టెను తానే పట్టి లాగుకుని పైకి లేవడం అనే ఊహ నుండి ఆ మాట వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే తన భుజం మీదికి తానే ఎక్కడం. మీట నొక్కగానే కంప్యూటరుకు ఏమీ తెలియదు. దానిలో స్థిరంగా ఉన్న ఒక చిన్న ప్రోగ్రాము మాత్రం మేల్కొంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడ ఉందా అని ఆ ప్రోగ్రాము ఒక్కొక్క సాధనాన్నీ వరుసగా వెతుకుతుంది. పాత పద్ధతిలో సాధనపు మొదటి 512 బైట్లను చదువుతుంది. ఆ 512 బైట్ల చివర నిర్ణీతమైన రెండు బైట్ల గుర్తు ఉంటేనే ఇక్కడి నుండి లేవవచ్చునని నమ్ముతుంది. మామూలుగా కాపీ చేసిన ఫైలు ఆ గుర్తును తీసుకురాలేదు.

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రామును తెరిచి, పెన్‌డ్రైవులోకి రాత మొదలుపెట్టి, తల్లి పిలిస్తే ఇంటికి వెళ్లింది. కొంతసేపటికి రాత నూటికి నూరు శాతం పూర్తయిందని తెర చెప్పింది. వెంటనే ‘సరిచూస్తున్నాను’ అంటూ మళ్లీ సున్నా నుండి లెక్క మొదలైంది. రాసినదాన్ని మళ్లీ చూడటమెందుకని నేను పెన్‌డ్రైవును లాగేశాను.

దాన్ని నా కంప్యూటరుకు పెట్టి మీట నొక్కితే పాత విండోసే వచ్చింది. వెతికే వరుసలో హార్డ్ డిస్కు ముందున్నది, పెన్‌డ్రైవు వెనుక ఉన్నది. అంతలో అమ్మాయి తిరిగి వచ్చింది. యంత్రం మేల్కొనే క్షణంలో ఎఫ్12 నొక్కితే ఏ సాధనం నుండి లేవాలో ఎంచుకోవచ్చునని చూపింది. కొన్ని యంత్రాల్లో ఈ మీట ఎఫ్9 కావచ్చు, ఎస్కేప్ కావచ్చు. ఈసారి ఉబుంటు తెర వచ్చింది. ఫైళ్లన్నీ సవ్యంగా ఉన్నాయో లేవో పరీక్షిస్తున్నానని అది తెలిపింది. వద్దనుకుంటే కంట్రోల్, సి మీటలు నొక్కవచ్చునన్నది. అమ్మాయి మంచినీళ్లకు లోపలికి వెళ్లింది. నేను ఆ రెండు మీటలూ నొక్కాను.

హార్డ్ డిస్కు మొత్తం చెరిపివేసి కొత్త వ్యవస్థను వేయమని ఆజ్ఞ ఇచ్చాం. సగం దాకా సాఫీగా సాగింది. ఆ తర్వాత తెర మీద ఒక పెట్టె వెలిసింది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ దోషం అని మొదటి పంక్తిలో ఉన్నది. పని ఆగిపోయింది. కంప్యూటరును ఆపి మళ్లీ వేస్తే పాత వ్యవస్థ లేదు, కొత్తది రాలేదు. నల్లని తెర మీద తెల్లని గీత ఒకటి మినుకుమంటున్నది.

నాకు కోపం వచ్చింది. కోపం కంటే ముందు భయం వచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. “కరెంటు పోయినప్పుడు తెగిన డౌన్‌లోడును అతికించి తెచ్చావు. అతుకుల బొంత ఎక్కడైనా నిలుస్తుందా? చేతకానప్పుడు ముట్టుకోకూడదు” అన్నాను. ముప్పై రెండేళ్లు పిల్లల మీద వాడిన గొంతు అది. అమ్మాయి ఒక్క మాటా అనలేదు. ల్యాప్‌టాప్‌ను అక్కడే వదిలి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

రాత్రి అన్నం సహించలేదు. ల్యాప్‌టాప్ తెరిచి అమ్మ పాట ఒకటి పెట్టుకున్నాను. పాట నడుమ తట్టింది. ఈ గొంతు ఇప్పుడు వినిపిస్తున్నదంటే నేను చాదస్తమన్న గంట పని వల్లనే. నా మాట విని ఆ అమ్మాయి తొందరపడి ఉంటే, చెరిగిన డిస్కుతో పాటు అమ్మ గొంతు కూడా పోయేది. ఆ ఆలోచనతో చేతులు చల్లబడ్డాయి.

కంప్యూటరు బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కీబోర్డు కింద ఒక కాగితం కనిపించింది. ఉదయమే అమ్మాయి రాసి పెట్టినట్లున్నది. ‘ఎక్కడైనా ఆగిపోతే ఇవి వరుసగా చూడాలి. ఒకటి: డౌన్‌లోడ్ సరిగా ఉన్నదా? రెండు: పెన్‌డ్రైవులోకి రాత సరిగా ఎక్కిందా? మూడు: పెన్‌డ్రైవు మంచిదేనా? నాలుగు: కంప్యూటరు మెమరీ, హార్డ్ డిస్కు మంచివేనా? ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.’ మొదటి ప్రశ్న పక్కన ఒక ఆజ్ఞ, దాని కింద అరవై నాలుగు అక్షరాల వరుస ఉన్నాయి.

ఆ వరుసను ఎస్‌హెచ్ఏ 256 సంకేతమంటారు. ఎంత పెద్ద ఫైలునైనా ఒక గణిత పద్ధతిలో నలిపి, సున్నా నుండి తొమ్మిది దాకా అంకెలతోనూ, ఏ నుండి ఎఫ్ దాకా అక్షరాలతోనూ అరవై నాలుగు స్థానాల వరుసగా మారుస్తారు. ఉబుంటును అందించేవారు తమ ఫైలుకు వచ్చిన వరుసను ముందే ప్రకటిస్తారు. మన దగ్గరికి చేరిన ఫైలుకూ అదే వరుస వస్తే దారిలో ఏమీ చెడలేదన్నమాట.

తెలుగు మాష్టారుకు ఇది కొత్త విషయమేమీ కాదు. తాటాకుల మీద గ్రంథాలను చూసి రాసుకున్న కాలంలో మన పద్యాలను కాపాడినది ఛందస్సే కదా! ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు ఉండాలి. భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా రావాలి. పదో అక్షరం దగ్గర యతి కుదరాలి. లేఖకుడు ఒక్క అక్షరం వదిలేసినా పాదం కుంటుతుంది. చదివేవాడు అక్కడ ఆగి, ఇక్కడేదో పోయిందని గుర్తిస్తాడు. అయితే ఒక గురువుకు బదులు మరో గురువు పడి, యతిప్రాసలు చెడకపోతే ఛందస్సుకు ఆ తప్పు దొరకదు. ఈ సంకేతం అంతకంటే నిశితమైనది. కోట్లాది అంకెల్లో ఒక్కటి మారినా వరుస మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

ఆజ్ఞ ఇచ్చి, తెర మీది వరుసను కాగితం మీది వరుసతో పోల్చాను. నాలుగేసి అక్షరాల చొప్పున పైకి చదువుతూ, పిల్లలకు ఉక్తలేఖనం చెప్పినట్లే చూశాను. అరవై నాలుగూ కలిశాయి. డౌన్‌లోడ్‌లో దోషం లేదు. నేను అతుకుల బొంత అన్న ఫైలు ఒక్క పోగు కూడా చెడకుండా వచ్చింది.

అప్పుడు యంత్రాన్ని మళ్లీ పెన్‌డ్రైవు నుండి లేపి, ఇన్‌స్టాలేషన్‌ను ఆగిన చోటి దాకా నడిపించాను. అదే పెట్టె మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చివరి దాకా చదివాను. మనం ఎక్కించే సాధనంలో గానీ, హార్డ్ డిస్కులో గానీ లోపముంటే ఇలా జరుగుతుందనీ, ఒక్కొక్కప్పుడు యంత్రం వేడెక్కినా జరగవచ్చుననీ అందులో స్పష్టంగా ఉన్నది. మొదటి పంక్తి చదివి సమాధానం రాయవద్దని, ప్రశ్నను చివరి దాకా చదవమని ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పి ఉంటాను! పగలు నేను చదివింది మొదటి పంక్తినే.

కాగితంలోని రెండో ప్రశ్నకు వచ్చాను. పెన్‌డ్రైవులోకి మళ్లీ రాయించి, ఈసారి లాగకుండా కూర్చున్నాను. సరిచూసే పని నడుమ ఆగి, రాసినదీ చదివినదీ కలవడం లేదని చెప్పింది. ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవు పెట్టే రంధ్రం మాత్రం మార్చి మళ్లీ ప్రయత్నించాను. మిగిలినవన్నీ అలాగే ఉంచాను. ఫలితం మారలేదు. తప్పు ఎక్కడున్నదో చాలావరకు తేలింది.

పెన్‌డ్రైవు లోపల ఫ్లాష్ మెమరీ కణాలు ఉంటాయి. అవి రాసి చెరపడాన్ని పరిమితమైన పర్యాయాలే భరిస్తాయి. తర్వాత అరిగిపోతాయి. బయట రంగు పోకపోవచ్చు, మూత ఊడకపోవచ్చు. అప్పగించిన మాటను మాత్రం సరిగా తిరిగి చెప్పలేవు. నా జేబులో ఏళ్ల తరబడి తిరిగిన పెన్‌డ్రైవు అలా అలిసిపోయింది. దాని మీద నాకు కోపం రాలేదు. వయసు మీరిన సేవకుడి చేతికి బరువిచ్చినది నేను. ఆ సంగతి తెలియజేయడానికి యంత్రం రెండుసార్లు ప్రయత్నించింది. ఒకసారి పెన్‌డ్రైవును లాగి, ఒకసారి మీటలు నొక్కి, రెండుసార్లూ దాని నోరు మూసినదీ నేనే.

సీ.పీ. బ్రౌన్ దొర వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించడానికి ముందు అనేక రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఒక ప్రతిలో తప్పుంటే లేఖకుణ్ణి తిట్టి ఊరుకుంటే పాఠం బాగుపడదు. ఏ ప్రతిలో, ఏ పాదంలో, ఏ అక్షరం దగ్గర దారి తప్పిందో చూడాలి. పుస్తకాల విషయంలో నాకు ఇది తెలుసు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను. తప్పు ఎక్కడ అని అడగవలసిన చోట తప్పు ఎవరిది అని అడిగాను. రెండో ప్రశ్నకు జవాబు తొందరగా దొరుకుతుంది. మన ఎదుట ఉన్నవారిలో చిన్నవారెవరో చూస్తే చాలు. ఆ జవాబుతో ఏ యంత్రమూ బాగుపడదు.

తెల్లవారగానే పక్కింటికి వెళ్లాను. అమ్మాయి వాకిట్లో ముగ్గు వేస్తున్నది. నన్ను చూసి లేచి నిలబడింది. రాత్రంతా కూర్చుకున్న మాటలు గొంతులోనే ఆగాయి. “బిడ్డా, నిన్న నేను అన్నది తప్పు. నీ డౌన్‌లోడ్ మంచిదే. అరవై నాలుగక్షరాలూ చూశాను” అన్నాను.

ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. “మరి తప్పు ఎక్కడ దొరికింది తాతా?” అని అడిగింది. ఎవరిదని అడగలేదు.

చెప్పాను. పెన్‌డ్రైవును మధ్యలో లాగిన సంగతీ, పరీక్షను ఆపిన సంగతీ దాచకుండా చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని, పుస్తకాల సంచిలోంచి తన పెన్‌డ్రైవు తెచ్చింది. అదే ఫైలు, అదే ల్యాప్‌టాప్, అదే కంప్యూటరు. మారింది పెన్‌డ్రైవు ఒక్కటే. ఈసారి సరిచూడటం పూర్తయ్యే దాకా ఇద్దరం కదలలేదు. ఇన్‌స్టాలేషన్ ఎక్కడా ఆగకుండా పూర్తయింది. పెన్‌డ్రైవు తీసివేసి మళ్లీ మీట నొక్కమన్నది తెర. నొక్కాను. పాత యంత్రం తన భుజం మీదికి తానే ఎక్కి నిలబడింది.

మొట్టమొదట పాటలను తిరిగి ఎక్కించాం. అమ్మాయి లెక్కపెట్టింది. నలభై ఆరూ ఉన్నాయి. మొదటి పాటను తెరిచాను. పాటకు ముందు అమ్మ ఒకసారి దగ్గి, “ఎక్కుతున్నదా బిడ్డా, సరిగ చూసుకో” అన్న మాట వినిపించింది. ఎన్నో ఏళ్లుగా పాట కోసం దాటవేస్తూ వచ్చిన మాట అది. ఆ రోజు దాన్ని పూర్తిగా విన్నాను.

అమ్మాయి రాసిన కాగితం ఇప్పటికీ నా కీబోర్డు కిందే ఉన్నది. దాని అడుగున నా చేతిరాతతో ఐదో పంక్తి చేర్చాను: ‘ఇవన్నీ చూసే దాకా ఎవరినీ ఏమీ అనకూడదు.’